జీడిపాకంలా సాగిన నా థీసిస్

విజయనగరం,
ఆదివారం రాత్రి

ఒరే శ్రీనూ,

ఎప్పుడు ఫోను చేసినా "థీసిస్ ఎంతవరకు వచ్చింది?" అని నువ్వు అడగడం, "అవుతోందిరా" అని నేను తప్పించుకోవడం ఏడాదిగా నడుస్తోంది. ఆ ఒక్క మాట వెనక ఉన్న కథ ఫోనులో మొదలుపెడితే సగంలోనే నీకు ఏదో మీటింగు వచ్చిపడుతుంది. అందుకే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. తీరిగ్గా చదువు. ఇందులో మీ పిన్ని కూడా ఉంది.

తెమలకుండా సాగే పనిని జీడిపాకం అంటాం కదా. జీడిపప్పు మీద థీసిస్ రాసేవాడికి ఆ మాట తప్పుతుందా? మా గైడుగారు ప్రతి రివ్యూలోనూ అంటున్నారు. మొదటిసారి నవ్వాను. నాలుగోసారికి నేను నవ్వడం మానేశాను కానీ ఆయన అనడం మానలేదు.

ఎం.టెక్ రెండో ఏడాది మొదట్లో మా తరగతిలో చాలామంది అంశం వెతుక్కోలేదు, కొనుక్కున్నారు. శీర్షిక, ప్రోగ్రామ్, రిపోర్టు కలిపి ఒకే ధరకు అమ్మే దుకాణాలున్నాయి. వైవాలో అడగబోయే ప్రశ్నలకు జవాబులు కూడా రాసిస్తారు. నేను డబ్బు లేక కొనలేదో, పౌరుషం ఉండి కొనలేదో ఇప్పుడు చెప్పడం కష్టం. ఆ వారమే అమ్మ పంపిన సంచిలో పలాస జీడిపప్పు పొట్లం వచ్చింది. దాని మీద డబ్ల్యూ 320 అని ముద్ర. అదేమిటని నీకు ఫోను చేస్తే, ఉద్దానంలో జీడితోటల మధ్య పుట్టి పెరిగినవాడివి, "ధర అయి ఉంటుంది" అన్నావు. గుర్తుందా?

ధర కాదు నాయనా. డబ్ల్యూ అంటే తెల్లని గుండు పప్పు. 320 అంటే ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 పప్పులు తూగుతాయని. 240 అయితే 220 నుంచి 240. సంఖ్య తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. 180 రకం పప్పు ఒక్కొక్కటి రెండున్నర గ్రాములుంటే, 450 రకం ఒక గ్రాము దగ్గరే ఆగిపోతుంది. కాస్త మాడినవి వేరే, బద్దలు వేరే, ముక్కలు వేరే. పలాసలో ఆడవాళ్ళు బల్లల ముందు కూర్చుని వీటిని చేత్తో వేరుచేస్తారని తెలిసి, ఆ పని కెమెరాకు నేర్పితే సరిపోతుంది కదా అనుకున్నాను. ఎంత తేలిగ్గా అనుకున్నానో చూడు.

నాలుగు రకాలు కొన్నాను. రకానికి 150 చొప్పున 600 పప్పులు ఏరి, ల్యాబ్‌లో నీలం గుడ్డ పరిచి, ఒక్కో పప్పును అటూ ఇటూ తిప్పుతూ ఆరేసి ఫోటోలు తీశాను. మొత్తం 3600. ఈ మధ్యలో ఒక రాత్రి గదికి వచ్చేసరికి మా వాళ్ళు 180 రకం డబ్బాను అడుగంటా ఖాళీ చేశారు. "అవి పరీక్షకు పెట్టుకున్నవిరా" అంటే, "పరీక్షించాం, బాగున్నాయి" అన్నారు. ఉన్నవాటిలో ఖరీదైన రకం అదే, తినేవాళ్ళకు గ్రేడింగు ఎవరూ నేర్పనక్కర్లేదు. మళ్ళీ కొన్నాను. ఆ నెల మెస్సు బిల్లు అప్పు చేసి కట్టాను.

కంప్యూటరుకు ఓనమాల నుంచి నేర్పాలంటే 3600 ఫోటోలు ఏ మూలకూ రావు. అందుకే మొబైల్‌నెట్ తీసుకున్నాను. ఫోన్ల లాంటి చిన్న యంత్రాల్లో పనిచేయాలని గూగుల్ వాళ్ళు 2017లో బయటపెట్టిన న్యూరల్ నెట్‌వర్క్ అది, అంటే బొమ్మలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్. బొమ్మలు గుర్తుపట్టే ఇమేజ్‌నెట్ పోటీలోని 12 లక్షల పైచిలుకు బొమ్మలు చూసి అంచులు, వంపులు, నీడలు గుర్తుపట్టడం ముందే నేర్చుకుని ఉంటుంది. కుక్కలనూ కుర్చీలనూ వేరుచేసే దాని చివరి పొర తీసేసి, నా నాలుగు గ్రేడ్ల పొర తగిలించాను. అదే నా మోడల్. ఫోటోలన్నీ పేకముక్కల్లా కలిపి 80 శాతం శిక్షణకు, 20 శాతం పరీక్షకు పంచాను. ఫలితం 98 శాతం. ఆ సాయంత్రం గంటస్తంభం దగ్గర అందరికీ టీలు, మిఠాయిలు నా ఖర్చే. గైడుగారు కూడా ఆ ఒక్కరోజు జీడిపాకం ఊసెత్తలేదు. "సదస్సుకు పేపరు పంపుదాం, దానికి ముందు మిల్లులో ఒకసారి చూపించిరా" అన్నారు.

అప్పుడే నిన్ను బతిమాలి, పలాస మిల్లులో పనిచేసే మీ పిన్నిని అడిగించింది. తెల్లవారుతూనే రైలెక్కాను. పొందూరు, ఆమదాలవలస, తిలారు, నౌపడ దాటేదాకా కిటికీ పక్కన కూర్చుని, మిల్లు యజమాని అడగబోయే ప్రశ్నలకు జవాబులు తయారుచేసుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు. పూండి దాటాక తోటలు చూస్తుంటే తిత్లీ తుఫాను గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 11న మీ ఇంటికి ఫోను కలవక రెండు రోజులు నువ్వు హాస్టల్ వసారాలో తిరిగిన తిరుగుడు. ఇప్పుడు లేత చెట్లు ఎదిగాయిరా.

మిల్లులో ముందు ముక్కుకు తగిలింది ఆవిరి పట్టిన పిక్కల వాసన. పెంకు కొట్టే చోట ఆడవాళ్ళు చేతులకు నూనె రాసుకుని కూర్చున్నారు. రాసుకోకపోతే పెంకులోని జీడి తగిలి చర్మం పొక్కిపోతుంది. పిన్ని వేళ్ళ చివర్లు ఇప్పటికీ నల్లగానే ఉన్నాయి, ఆమె గ్రేడింగు బల్లకు మారి చాలా ఏళ్ళయినా.

ఫోను స్టాండుకు బిగించి, స్టీలు బల్ల మీద పప్పులు పెట్టి, గర్వంగా మీట నొక్కాను. శ్రీనూ, నా మోడల్ చెప్పిన గ్రేడ్లలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే సరైనవి. బల్ల చుట్టూ చేరినవాళ్ళు మొదట మర్యాదకు ఊరుకున్నారు. వేలెడంత పప్పును అది 450 అనేసరికి ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిన్ని మాత్రం "కొత్త కదా బాబూ, నేర్చుకుంటుందిలే" అంది, కొత్తగా పనిలో చేరిన పిల్లను వెనకేసుకొచ్చినట్టు.

తిరుగు రైలులో తిండి సహించలేదు. తర్వాత రెండు వారాలు కూర్చుని తవ్వితే నా తప్పులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మోడల్ బొమ్మలో ఎక్కడ చూసి నిర్ణయం తీసుకుందో రంగులు పూసి చూపించే గ్రాడ్-క్యామ్ అనే పద్ధతి ఉంది. దాన్ని నడిపితే ఎరుపంతా పప్పు మీద కాదు, గుడ్డ మీద పడింది! నేను రోజుకో గ్రేడు పప్పులకు ఫోటోలు తీశాను కదా. సోమవారం గుడ్డ ముడత ఒకలా ఉంది, మంగళవారం ఇంకోలా ఉంది. నా తెలివైన మోడల్ పప్పులను వదిలేసి ముడతలు బట్టీపట్టింది. కాపీ కొట్టి పాసైన పిల్లవాడిని చూసిన తండ్రిలా అయింది నా పని.

ఇంతకంటే సిగ్గుచేటైనది రెండోది. ఒక్కో పప్పుకు ఆరు ఫోటోలు ఉన్నప్పుడు వాటన్నిటినీ కలిపి పంచితే ఏమవుతుంది? అదే పప్పు ఐదు ఫోటోలు శిక్షణలో, ఆరోది పరీక్షలో. పరీక్షకు వచ్చిన ఏ ఫోటో తీసుకున్నా, దాని తోబుట్టువులు ఐదూ పరీక్ష వైపే పడే అవకాశం పదివేలకు మూడు మాత్రమే. అంటే పాఠంలో చెప్పిన లెక్కనే పరీక్షలో ఇచ్చి, 98 మార్కులు వచ్చాయని మిఠాయి పంచాను. ఫోటోలను కాదు, పప్పులను పంచాలి: ఒక పప్పు ఫోటోలన్నీ ఒకే వైపు ఉండాలి. అలా మార్చి, గుడ్డను బొమ్మలోంచి తుడిచేసి మళ్ళీ నడిపితే మార్కులు దిగజారాయి. ఎంతకని అడగకు, నోట్సులో ఆ పేజీ మడతపెట్టేశాను. పేపరు పంపడం మానుకుందామని చెప్పడానికి గైడుగారి గది ముందు అరగంట నిలబడ్డాను. ఆయన విని, చాలాసేపు ఊరుకుని, "పంపకముందే పట్టుకున్నావు కదా" అన్నారు. జీడిపాకం సంగతి అప్పుడే క్షమించేశాను.

ఈ రెండూ నా అజ్ఞానం. అసలు విషయం మూడోది, అది ఏ పుస్తకంలోనూ తగల్లేదు. ఫోటోలు సరిచేసినా 240కీ 320కీ మధ్య మోడల్ తడబడుతూనే ఉంది. తప్పు పిన్ని వాళ్ళు పెట్టే గ్రేడ్లలో ఉందేమో చూద్దామని మళ్ళీ పలాస వెళ్ళాను. 40 పప్పులకు అడుగున పెన్సిలు గుర్తులు పెట్టి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం వేరే పప్పులతో కలిపి ఇంకోసారి ఆమె ముందు పోశాను. కొన్ని పప్పులు రెండోసారి పక్క కుప్పలోకి వెళ్ళాయి. దొంగను పట్టుకున్న పోలీసులా గుర్తులు తిప్పి చూపించాను.

పిన్ని నవ్వింది. "ఒక్క పప్పుకు గ్రేడు ఎక్కడిది బాబూ? లెక్క పౌనుకు కదా. కుప్ప బరువు తేలుతుంటే ఇలాంటిది అటు వేస్తాం, మీరుతుంటే ఇటు వేస్తాం" అంది.

ఏడాదిగా ఎదురుగా కనబడుతున్న మాటే! లెక్క వేసి చూడు. 320 రకంలో పప్పు సగటున గ్రామున్నర లోపు, 240 రకంలో దాదాపు 1.9 గ్రాములు. మరి 1.7 గ్రాముల పప్పుది ఏ గ్రేడు? దానంతట అది దేనికీ చెందదు, ఏ కుప్పలో పడితే ఆ కుప్పది. నేనేమో ప్రతి పప్పు నుదుటా ఒక గ్రేడు రాసి ఉంటుందనుకుని, దాన్ని చదవమని యంత్రాన్ని సతాయించాను. ఇంగ్లీషు పేపర్లలో ఎందరో అలాగే చేశారులే, ఆ మాట నాకు కాస్త ఊరట.

అక్కడి నుంచి లెక్క మారింది. బంగారం తూచే కాటా లాంటి చిన్నది, గ్రాములో నూరో వంతు చూపించేది కొని, 600 పప్పులనూ ఒక్కొక్కటే తూచాను. ఐదు రాత్రులు పట్టింది. ఫ్యాను గాలికి అంకెలు ఊగిపోతాయి కాబట్టి ఫ్యాను ఆపి తూచాను. విజయనగరం ఎండాకాలంలో ఫ్యాను ఆపుకుని కూర్చున్నవాడికి డాక్టరేటే ఇవ్వాలి, ఎం.టెక్ ఏమిటి? గ్రేడు చెప్పడం మాన్పించి, ఇప్పుడు మోడల్‌తో పప్పు బరువు అంచనా వేయిస్తున్నాను. పైనుంచి చూస్తే మందం కనబడదు కాబట్టి బల్లపరుపు పప్పు దగ్గర మోసపోతుంది. మిగతావాటికి ఫరవాలేదు.

గర్వం మళ్ళీ తలెత్తే లోపల చివరి రివ్యూలో ఒక మేడమ్ అడిగారు: "పౌను తూచి లెక్కపెడితే తేలిపోయేదానికి ఇదంతా ఎందుకు?" నాలుక పిడచకట్టుకుపోయింది. నిజమే కదా! అప్పుడు పిన్ని మాటే అడ్డం వచ్చి కాపాడింది. ఏదో మాటల మీద తను అంది: పెద్దవీ చిన్నవీ కలిపినా లెక్క సరిపోతుంది, కానీ డబ్బా తెరిచిన బేరగాడు ఊరుకోడని. అక్కడే బోర్డు మీద వేసి చూపించాను. 240 రకం, 450 రకం పప్పులను సమాన సంఖ్యలో కలిపితే సగటు 1.45 గ్రాములు వస్తుంది, అంటే పౌనుకు సుమారు 313. లెక్క ప్రకారం అది నిక్షేపంగా 320 గ్రేడు! కాటా సగటునే చెబుతుంది. కలగలుపును పట్టాలంటే ఒక్కో పప్పునూ చూడాలి, ఆ పని కెమెరాది. మేడమ్ తల ఊపి ఏదో రాసుకున్నారు. ఇప్పుడు నా థీసిస్ మొత్తం ఆ ఒక్క బోర్డు మీద నిలబడి ఉంది.

పిన్ని ఇంకొకటి కూడా అడిగింది, అది నీతో చెప్పాలి. "ఇది బాగా వస్తే మమ్మల్ని మానేయమంటారా?" అంది. కోపంగా కాదు, చేతులు ఆపకుండానే. పెద్ద మిల్లుల్లో రంగు చూసి వేరుచేసే యంత్రాలు ఇప్పటికే ఉన్నాయనీ, నాది కుప్ప సరిచూసుకోవడానికేననీ చెప్పాను. అబద్ధం కాదు. ఆమె "ఊఁ" అంది. ఆ ఊఁ నాకు ఇంకా వినబడుతూనే ఉంది. నువ్వు ఫోను చేసినప్పుడు ఏమైనా అందా?

ఇక మిగిలింది రాత పని. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రచనలతో పోలిక 10 శాతం దాటితే చిక్కే. నాది రెండో అధ్యాయంలోనే దాటింది. దొంగతనం కాదురా, పౌనుకు 300 నుంచి 320 అన్న ముక్కను ఎన్ని రకాలుగా తిప్పి రాస్తాం? మూడు రోజులుగా అదే వాక్యాన్ని తలకిందులు చేస్తున్నాను. కృతజ్ఞతల పేజీ మాత్రం ఒక్క ఊపులో అయిపోయింది. అందులో పిన్ని పేరు గైడుగారి పేరు తర్వాత వరసలో ఉంది. పేరు ముందు ఏమి రాయాలో తెలియక "గ్రేడింగు నిపుణురాలు" అని రాశాను. సరేనా, కాదా? ఈ వారంలోనే చెప్పు, బైండింగుకు ఇచ్చేస్తాను.

దసరా తర్వాత మంగళవారం ఇక్కడ పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. వైవా కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుందంటున్నారు. సెలవు పెట్టి రా. గదిలో మంచం లేదు కానీ చాప ఉంది. నేను తూచిన 600 పప్పులూ డబ్బాలో పోసి, మూత మీద "తినరాదు" అని ఎర్ర ఇంకుతో రాసి, పుస్తకాల వెనక దాచాను. వైవా అయిన సాయంత్రం ఆ అక్షరాలు చెరిపేస్తాను. 180 రకం నీకు. పెన్సిలు గుర్తులున్న 40 వేరే పొట్లంలో ఉన్నాయి, అవి మాత్రం ముట్టుకోకు.

నీ,
సూరిబాబు