ఆ షాఫ్టులు వెనక్కి తెచ్చివ్వండి

పోయిన నెల నా లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద షాఫ్టులు (యంత్రాల్లో తిరిగే కడ్డీలు) చేయించుకున్నవాళ్లలో ముగ్గురు వాటిని వెనక్కి తెచ్చారు. బేరింగులు ఎక్కించి తిప్పితే వణుకుతున్నాయన్నారు. మొదట వచ్చినాయనతో "మీ బేరింగే చూసుకోండి" అనేశాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. తర్వాత ఫోన్ చేసి ఆ సంగతి ఆయనకే చెప్పాను.

మూడోది వచ్చిన రాత్రి దాన్ని రెండు డెడ్ సెంటర్ల (షాఫ్టు చివరి రంధ్రంలో ఆని దాన్ని పట్టుకునే, తిరగని మొనల) మధ్య నిలబెట్టి, బేరింగ్ కూర్చునే చోట డయల్ (ఊగులాట కొలిచే ముల్లు గేజి) ఆనించి చేత్తో తిప్పాను. ముల్లు నాలుగు గీతలు కదిలింది, అంటే 0.04 మి.మీ. కొత్తగా కొన్న రివాల్వింగ్ సెంటర్ (షాఫ్టుతోపాటే తిరిగే సెంటర్) మొన మీద డయల్ పెడితే అక్కడా అదే ఊగులాట. మొన ఊగితే చేస్తున్న షాఫ్టు చివర కూడా దాంతోపాటే ఊగుతుంది. ఒక చివర చెక్కి, షాఫ్టుని మళ్లించి రెండోది చెక్కేసరికి బేరింగ్ కూర్చునే రెండు చోట్లూ ఒకే ఇరుసు మీద ఉండవు. కొనేముందు అమ్మినాయన్ని రెండుసార్లు అడిగాను, ఊగదనే చెప్పాడు. ఇప్పుడేమో "అన్నీ అంతే" అంటున్నాడు. ఆ మాట నాకింకా మింగుడుపడలేదు. కానీ వచ్చిన రోజే డయల్ పెట్టి చూడాల్సింది నేను.

ఇంకా మంచి రివాల్వింగ్ సెంటర్ కొనాలా, పాత డెడ్ సెంటర్‌కే పోవాలా అని వారం రోజులు నలిగిపోయాను. డెడ్ సెంటర్ తిరగదు కాబట్టి ఊగే ప్రశ్నే లేదు. పక్కకి జరిగి ఉంటే టేపర్ వస్తుంది (ఒక చివర లావు, ఇంకో చివర సన్నం), అది మైక్రోమీటర్‌తో కొలిస్తే దొరుకుతుంది, టెయిల్ స్టాక్ (లేత్‌లో సెంటర్‌ని పట్టుకునే భాగం) జరిపి సరిచేసుకోవచ్చు. బాధల్లా వేడితోనే. 300 మి.మీ. షాఫ్టు 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.1 మి.మీ. సాగి మొనని నొక్కేస్తుంది. వదులు చేయకపోతే మొన కాలిపోతుంది. అందుకే స్పీడు తగ్గించాలి, గ్రీజు పెడుతూ ఉండాలి, మధ్యమధ్యలో ఆపి టెయిల్ స్టాక్ వదులు చేసి మళ్లీ ఆనించాలి. రివాల్వింగే కొనమని అందరూ చెప్పారు. నేను డెడ్ సెంటర్‌కే పోతున్నాను. ఇంకొకరి మాట నమ్మి ఇంకోసారి మీ ముందు తలదించుకోలేను.

కాబట్టి షాఫ్టుకి రెండు రోజులు ఎక్కువ పడుతుంది, తొందరపెట్టకండి. పోయిన నెలవి, వణుకు కనిపించకపోయినా, తెచ్చివ్వండి. వాటిని మళ్లీ చెక్కితే సైజు తగ్గి బేరింగ్ వదులవుతుంది, అందుకే డబ్బు తీసుకోకుండా కొత్తవి చేసిస్తాను.

చివర్లలో ఉండే సెంటర్ రంధ్రాలు చూడ్డానికి బాగోలేవని కోసేయమంటారు కొందరు. డ్రాయింగులో ఉంటే తప్ప కోయను. ఎప్పుడైనా రిపేరుకొస్తే మళ్లీ అదే ఇరుసు మీద నిలబెట్టడానికి నాకున్నవి అవే.