తోపినాంబూర్: ఆ పేరు మనుషులది

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం వంటల పేజీలో తోపినాంబూర్ దుంప గురించి వేశారు, చదివాను. అల్లం కొమ్ములా ఉండే ఆ దుంప 'బ్రెజిల్ నుంచి ఫ్రాన్స్‌కి వెళ్లింది' అని రాశారు చూడండి, అది తప్పండీ. దుంప ఉత్తర అమెరికాది, మన పొద్దుతిరుగుడు జాతిదే. శాంప్లెయిన్ అనే ఫ్రెంచి నావికుడు 1605లో అమెరికా తూర్పు తీరంలోని ఇప్పటి కేప్ కాడ్ దగ్గర స్థానికులు దీన్ని పండించుకోవడం చూసి, రుచి ఆర్టిచోక్ అనే యూరప్ కూరగాయలా ఉందని రాశాడు. బ్రెజిల్ నుంచి వచ్చింది పేరు మాత్రమే.

బ్రెజిల్ ఉత్తరాన ఉన్న మరన్యావ్ తీరంలో పాగా వేయాలనుకున్న ఫ్రెంచివాళ్లు, రాజుగారి సాయం సంపాదించడానికి, 1613లో అక్కడి టుపినంబా జాతివాళ్లను ఆరుగురిని ఓడెక్కించి పారిస్ తీసుకొచ్చారు. ఊరు ఊరంతా ఎగబడి చూసింది, వాళ్లచేత ఆడించారు, పాడించారు. కొద్ది వారాల్లోనే ముగ్గురు జబ్బుచేసి పోయారు, వాళ్లలో కరిపిరా అనే పెద్దాయన ఒకరు. మిగతా ముగ్గురికి జూన్ 24న బాప్తిస్మం ఇచ్చి, పదకొండేళ్ల రాజు పదమూడో లూయీని జ్ఞానతండ్రిగా నిలబెట్టి, ముగ్గురికీ లూయీ అనే పేరే తగిలించారు. సొంత పేరు కూడా మిగల్చలేదన్నమాట.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ కొత్త దుంప పారిస్ వీధుల్లోకి వచ్చింది. జనం నోళ్లలో నానుతున్న ఆ టుపినంబాల పేరునే అమ్మేవాళ్లు దీనికీ పెట్టి కేకలేశారు. ఉత్తర అమెరికాలో ఉండొచ్చిన లెస్కార్బో అనే లాయరు, తామే తెచ్చిన దుంపకి ఈ పేరేమిటని 1617లో తన పుస్తకంలో మండిపడ్డాడు కానీ ఎవరు వింటారు, పేరు అతుక్కుపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు బంగాళాదుంపలు పట్టుకుపోతే ఫ్రాన్స్‌లో చాలామంది ఈ దుంపే తిని బతికారు, ఆ తరంవాళ్లకి తర్వాత దీని పేరెత్తితేనే గిట్టేది కాదు.

నాకు బాధనిపించేది ఏమిటంటే, దుంప గురించి రాసే ప్రతివాళ్లూ టుపినంబాలు ఎప్పుడో అంతరించిపోయినట్టు రాస్తారు. బ్రెజిల్‌లోని బహియా రాష్ట్రంలో వాళ్ల వారసులు ఇప్పటికీ తమ భూమి కోసం పోరాడుతున్నారు. వాళ్ల పూర్వీకుల ఎర్రటి ఈకల ఉత్తరీయం ఒకటి 1689 నుంచీ డెన్మార్క్‌లోనే ఉండిపోయి, 2024లో గానీ బ్రెజిల్ చేరలేదు.

అందుకే సవరణ వేసేటప్పుడు దుంప ఏ దేశానిదో ఒక్క లైను రాసి వదిలేయకండి. ఆ ఆరుగురి గురించీ, బహియాలో ఉన్నవాళ్ల గురించీ నాలుగు మాటలు తప్పకుండా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు