ఆ చుక్క కదల్లేదురా

ఒరేయ్ శీనూ,

ఇన్నాళ్లు జవాబు రాయనందుకు తిట్టుకుంటూ ఉంటావు. క్షమించరా. ఇక్కడంతా కులాసా. పాపకి దగ్గు తగ్గింది, మీ చెల్లెమ్మకి కొత్త ఉద్యోగం కుదిరింది, అమ్మ పంపిన మాగాయ చేరింది. మిగతా కబుర్లు ఫోన్లో. అసలు సంగతి ఇదిగో, నీకు చెప్తే గానీ నాకు నిద్ర పట్టదు.

మొన్న శనివారం మా గురువుగారితో గ్లైడర్ ఎక్కాను, అదే, ఇంజను లేని విమానం. పద్ధతి నీకు తెలుసుగా, ముందు మమ్మల్ని లాక్కెళ్లే టో ప్లేన్, వెనక రెండొందల అడుగుల తాడు, దాని చివర మేము. పైకెళ్లాక తాడు వదిలి మేము కుడికి తిరుగుతాం, అతను ఎడమకి తిరిగి కిందికి పోతాడు. పైన ఎవరి దారి వాళ్లదే. చిక్కంతా కిందే. అందరూ దిగాల్సింది ఒక్క రన్‌వే మీదేగా!

కొండల వైపు గాలి బాగా లేస్తోంది, హాయిగా తిరిగాం. దిగుదామని రన్‌వేకి సమాంతరంగా వస్తున్నాం. కుడి పక్కన, కాస్త పైన, ఓ పసుప్పచ్చ చుక్క. మా టో ప్లేనే, ఇంకో గ్లైడర్‌ని వదిలేసి వస్తోంది. చూశాను, చూసి ఊరుకున్నాను. కాసేపాగి మళ్లీ చూస్తే అద్దం మీద అక్కడే ఉంది! ముందుకీ జరగలేదు, వెనక్కీ జరగలేదు. లావవుతోందంతే. ఒరేయ్, జరిగే చుక్క మనల్ని దాటిపోతుంది. ఒకే చోట నిలబడి లావయ్యే చుక్క మన మీదికే వస్తున్నట్టు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో, ఆ రోజు కళ్లతో చూశాను.

టో పైలట్‌కి మేము కనపడం. మా టో ప్లేన్ పానీ రకం, దానికి రెక్క కింద ఉంటుంది, ఆ రెక్క చాటున ఉన్నాం మేము. ఫ్లార్మ్ అని ఓ చిన్న పెట్టె ఉందిరా. 2004లో స్విట్జర్లాండ్‌లో గ్లైడర్లు నడిపేవాళ్లే తయారుచేశారు. ఎవరెటు పోతున్నారో లెక్కగట్టి, గుద్దుకునేలా ఉంటే కూస్తుంది. మా గ్లైడర్లో ఉంది. టో ప్లేన్లో పెట్టించే పని మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. అవతలి విమానం ఏ సంకేతమూ పంపకపోతే మా పెట్టె ఏం చేస్తుంది? నోరు మెదపలేదు.

నేను "కుడి పక్కన టో!" అని అరిచేలోగా గురువుగారు స్పాయిలర్లు (గ్లైడర్‌ని కిందికి దించే రెక్కల మీది పలకలు) లేపేశారు, రేడియోలో "గ్లైడర్ నీ ఎడమ కింద!" అన్నారు. గ్లైడర్ కిందికి జారింది. అతను కుడికి వాలి పైకి లేచాడు. వేలాడే తాడు మా మీదుగా పోవడం చూశానురా. తాడు! బందరు బస్సు దగ్గర నువ్వన్న మాటే నోటికొచ్చింది. ఇక్కడ రాయను, ఈ ఉత్తరం చెల్లెమ్మ కూడా చూస్తుంది.

పోగొట్టుకున్న ఎత్తు మాకు మళ్లీ రాదు, ఇంజనుంటేగా. అక్కణ్ణించే రన్‌వే వైపు తిప్పి సగం దాటాక దిగాం. దిగాక నా కాళ్లు

(పాప లేచింది, ఊపి వచ్చాను.)

సాయంత్రం అందరం కూర్చున్నాం. ఒకాయన రూల్ తీశాడు: ఇంజనున్న విమానం గ్లైడర్‌కి దారివ్వాలి అని. నిజమే. కానీ కనపడని వాడికి దారెలా ఇస్తాడురా? టో పైలట్ ముఖం పాలిపోయి ఉంది, ఒక్క మాట మాట్లాడలేదు. తప్పు అతనిది కాదు, ఇద్దర్నీ ఒకే దారిలో దింపే పద్ధతిది. అదే చెప్పాను, గట్టిగానే చెప్పాను. మాకు పక్కనే, కొలరాడోలో, బౌల్డర్ ఊరుంది. అక్కడ 2010 ఫిబ్రవరి 6న గ్లైడర్‌ని లాక్కెళ్తున్న పానీని ఓ సిరస్ విమానం ఢీకొంది. ఆ రెండింట్లో ఉన్న ముగ్గురూ పోయారు. వెనక గ్లైడర్ పైలట్ తాడు వదిలేసి ఇద్దరు ప్రయాణికుల్నీ క్షేమంగా దించాడు. ఆ మాటెత్తగానే గదిలో వాదన ఆగిపోయింది.

ఇప్పుడు దిగేందుకు గ్లైడర్లు ఎడమ చుట్టు తిరగాలి, టో ప్లేన్ కుడి చుట్టు. అది దిగే వైపు గాలి లేచినా సరే, మేమెవరం అక్కడ గిరికీలు కొట్టకూడదు. తాడు వదిలిన గ్లైడర్ పక్కకి తిరగడం అద్దంలో చూశాకే అతను తిరగాలి. దిగేటప్పుడు ఎత్తూ చోటూ రేడియోలో చెప్పాలి, విన్నవాడు "కనపడుతున్నావు" అనో "కనపడలేదు" అనో జవాబివ్వాలి. ఊరుకుంటే కనపడనట్టే లెక్క. ఫ్లార్మ్‌కి డబ్బులు ఆ పూటే పోగయ్యాయి, నేనూ వేశాను. అది వచ్చేదాకా ఆ టో ప్లేన్ వెనక తాడు కట్టనని గురువుగారు తెగేసి చెప్పారు. అలా అన్నందుకు ఆయన మీద నాకెంత గౌరవం పెరిగిందో!

నాన్నకి చెప్పకు. నువ్వొచ్చినప్పుడు నిన్నూ ఎక్కిస్తాను, కుడి పక్క చూసే డ్యూటీ నీది. ఇంకో సంగతి, మన సుబ్బడి పొలం గొడవ ఏమైందో... అయ్యో, తపాలా డబ్బా తీసే వేళయింది, పరిగెత్తాలి.

నీ
రాంబాబు