తాళం వేశానా? – వంద గడుల గుడ్డకి సాయం పట్టినవాళ్లకి

అందరికీ నమస్కారం.

నిన్న సాయంత్రం ప్రదర్శన గోడ మీంచి నేను కుట్టిన వంద గడుల గుడ్డ దించి, చుట్టి, ఇంటికి తెచ్చేసుకున్నాను. మూడు రోజులు వేలాడింది. చూడటానికి వచ్చినవాళ్లలో చాలామంది "నీకింత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చింది" అన్నారు. ఓపిక నాది కాదండీ. భయం మాత్రమే నాది. ఓపిక పట్టినవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లకి ఎదురుగా చెప్తే "చాల్లే ఊరుకో" అంటారు. అందుకే ఇలా అందరి ముందూ చెప్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు నా సంగతి. బయటికి వెళ్లేటప్పుడు తాళం వేస్తాను. లాగి చూస్తాను. మెట్లు దిగుతాను. మళ్లీ ఎక్కి లాగి చూస్తాను. గ్యాస్ కట్టేసి ఉందని కళ్లకి కనబడుతూనే ఉంటుంది, అయినా నాబ్ మీద చెయ్యి వేసి తిప్పి చూడకపోతే అడుగు కదలదు. పడుకునే ముందు ఫోను సైలెంట్‌లో ఉందేమోనని ఒకటికి పదిసార్లు చూస్తాను. ఒకసారి రాత్రి రెండున్నరకి వచ్చిన ఫోను నేను ఎత్తలేకపోయాను. అప్పట్నుంచి ఈ మూడోది మొదలైంది. ఆ ఫోను సంగతి ఇక్కడ రాయను.

ఏళ్ల తరబడి ఇంట్లో దీనికున్న పేరు చాదస్తం. డాక్టరుగారి దగ్గరికి వెళ్లాక ఓసీడీ అని ఇంకో పేరు వచ్చింది, వద్దన్నా వచ్చే ఆలోచనలు చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య అది. పేరు మారినంత మాత్రాన మెట్లెక్కడం తగ్గలేదనుకోండి.

ముందుగా అక్కకి. కుట్టు క్లాసులో పరిచయమైన అక్క, రక్తసంబంధం ఏమీ లేదు. ఒకరోజు క్లాసుకి అరగంట ఆలస్యంగా వెళ్లాను. ఎప్పుడూ చెప్పే అబద్ధం ఏదో చెప్పబోయి, ఎందుకో ఆ రోజు నిజం నోట్లోంచి వచ్చేసింది: "తాళం చూసుకోవడానికి మూడుసార్లు వెనక్కి వెళ్లాను." ఇలాంటిది చెప్తే జనం ఏమంటారో నాకు కంఠతా వచ్చు. "అంత టెన్షన్ దేనికి, వదిలెయ్" అంటారు. అక్క సూదిలో దారం ఎక్కిస్తోంది. తల కూడా ఎత్తలేదు. "మూడుసార్లా? మూడు ముడులు వేస్తావా, మూడు గీతలు కుడతావా?" అని అడిగింది.

నేను నవ్వాను. అక్క నవ్వలేదు. నిజంగానే అడుగుతోంది.

ఆ రాత్రి నా ఫోనుకి ఒక ఫోటో పంపింది. పొడుగాటి అల్లిక స్కార్ఫు. 2018లో జర్మనీలో మ్యూనిక్ వైపు రోజూ రైల్లో వెళ్లొచ్చే ఒకావిడ, రైలు ఎంత ఆలస్యమైందో దాన్నిబట్టి రోజుకి రెండు వరసలు అల్లుకుంటూ పోయిందట. ఐదు నిమిషాల లోపైతే బూడిద రంగు, అరగంట లోపైతే గులాబీ, అంతకన్నా ఆలస్యమైనా రానూపోనూ రెండుసార్లూ ఆలస్యమైనా ఎరుపు. ఏడాది గడిచేసరికి ఆవిడ చిరాకంతా మెళ్లో వేసుకునే వస్తువైపోయింది. కింద అక్క ఒక్క మాటే రాసింది: "నీ తాళం కూడా రైలే."

తర్వాత ఒక్కొక్కటీ పంపుతూ వచ్చింది. శిల్పి లూయిస్ బూర్జ్వా చేసిన పెద్ద పెద్ద సాలీళ్లు మీలో చాలామంది చూసే ఉంటారు. ఆవిడ వాళ్లమ్మ పాత అల్లిక తెరల్ని బాగుచేసే పనిలో ఉండేది. చూసేవాళ్లకి దడ పుట్టించే ఆ సాలీడు ఆవిడకి అమ్మ. ఆగ్నెస్ రిక్టర్ అనే కుట్టుపనావిడ 1895 ప్రాంతంలో మానసిక చికిత్సాలయంలో ఉంటూ, తన జాకెట్టు నిండా, లోపలా బయటా, సొంత మాటలు కుట్టుకుంది. ఆ జాకెట్టు ఇప్పుడు జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో ఉంది. ఇవన్నీ బాగున్నాయి, చూశాను, పక్కన పెట్టాను.

పక్కన పెట్టలేకపోయింది ఒక్కటే. ఎలిజబెత్ పార్కర్ అనే ఇంగ్లండు అమ్మాయి 1830 ప్రాంతంలో కుట్టిన గుడ్డ. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పువ్వు లేదు, అంచు లేదు. తెల్ల గుడ్డ మీద సన్నటి ఎర్ర దారంతో, చిన్న చిన్న ఇంటూ కుట్లతో, వరస వెనక వరస అక్షరాలే. పనికి కుదిరిన ఇళ్లలో పడిన బాధలు, చచ్చిపోవాలనిపించిన సంగతి, ఆ ఆలోచన వచ్చినందుకు పడిన భయం. చివర్లో, నా ఆత్మ గతి ఏమవుతుందో అనే చోట, వాక్యం మధ్యలోనే కుట్టు ఆగిపోతుంది. కింద గుడ్డ ఖాళీ.

అది చూసి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే అక్కకి ఫోన్ చేసి, "తర్వాత ఆ అమ్మాయి ఏమైంది?" అన్నాను. "బడి పంతులమ్మ అయింది. 76 ఏళ్లు బతికింది" అంది అక్క. ఈ ముక్క రాత్రే చెప్పొచ్చుగా అని కోప్పడ్డాను. "రాత్రే చెప్తే నువ్వు ఆ ఖాళీ గుడ్డ సరిగ్గా చూసేదానివి కాదు" అంది. అక్క పద్ధతి అది. ఇప్పటికీ నాకు పూర్తిగా మింగుడుపడదు.

సరే, మొదలుపెట్టాను. తెల్ల కాటన్ గుడ్డ మీద పదీ పదులు వంద గడులు, ఒక్కో గడి ఒక్కో రోజు. తాళం లాగి చూసిన ప్రతిసారికీ ఒక నీలం ముడి, గ్యాస్‌కి ఎరుపు, ఫోనుకి నలుపు. రోజంతా చిన్న పుస్తకంలో గీతలు పెట్టుకోవడం, రాత్రి కూర్చుని కుట్టడం. మొదటి రోజు గడిలో ముప్పై ఒకటి పడ్డాయి. ముప్పై ఒకటని అప్పటిదాకా నాకే తెలియదు.

ముడి కుట్టు చూడ్డానికి ఆవగింజంత ఉంటుంది కానీ మొదట్లో బాగా ఏడిపించింది. ఆరు పోగుల దారంలోంచి రెండు పోగులు విడదీసుకుని, గుడ్డ కింది నుంచి పైకి లాగి, సూదికి రెండు చుట్లు చుట్టి, మళ్లీ కిందికి దింపాలి. నేను ఎక్కడ పైకొచ్చానో అదే రంధ్రంలోకి దింపేదాన్ని. ముడి కాస్తా బుళుక్కున వెనక్కి జారిపోయేది. అక్క పక్కన కూర్చుని చూసింది. "ఒక్క పోగు పక్కకి దింపు. కిందికి లాగుతున్నంతసేపూ ఎడమ చేతి బొటనవేలితో దారం బిగబట్టి ఉంచు. చివరి క్షణంలో వదులు" అంది. ఆ ఒక్క పోగు ఎడమే ముడికి నిలబడే చోటు. పట్టు ముందే వదిలితే చుట్లు ఊడి పిల్లి మీసంలా లేస్తాయి. మరీ బిగిస్తే సూది దిగదు. నా బొటనవేలికి ఈ తేడా తెలియడానికి రెండు గడులు పట్టింది. అందుకే మొదటి రెండు రోజులూ మీసాలతో ఉన్నాయి. అవి విప్పలేదు.

టైలర్ బాబాయిగారూ, ఇది మీకు. గడులు గీయడానికి నేను మొదట ఇస్త్రీ వేడికి చెరిగిపోయే పెన్ను కొన్నాను. ఇస్త్రీ పెట్టె అలా పోనిస్తే గీత మాయం, భలే ముచ్చటేసింది. మీరు చూసి, "అమ్మా, ఒక ముక్క మీద గీసి చెరిపి, రాత్రంతా ఫ్రీజర్లో పెట్టు" అన్నారు. పెట్టాను. తెల్లారి తీస్తే చెరిపిన గీతలన్నీ తిరిగొచ్చి కూర్చున్నాయి! ఆ సిరా వేడికి కనబడకుండా పోతుందే తప్ప గుడ్డలోంచి పోదట, బాగా చల్లబడితే మళ్లీ తేలుతుందట. నాలాంటి మనిషికి ఇది తెలిశాక ఇంక ఆ పెన్ను ముట్టుకోబుద్ధవుతుందా? నీళ్లకి పోయే నీలం పెన్ను పట్టాను.

నీళ్లకి పోవాలంటే తడపాలి కదా. నలభై గడులయ్యాక, గీతలు ఇంకా బాగా పోతాయని తెలివిగా వేడినీళ్లలో ముంచాను. ఎర్ర దారం రంగు దిగింది. తెల్ల గుడ్డ మీద గ్యాస్ ముడి ఉన్న చోటల్లా గులాబీ మరక. వణుకుతూ మీకు ఫోన్ చేస్తే మీరు తిట్టలేదు. "ఆరనివ్వకు. ఇస్త్రీ జోలికి పోకు, వేడి తగిలితే మరక ఉండిపోతుంది. బకెట్ నిండా చన్నీళ్లు పోసి మార్చుతూ ఉండు, నేను వస్తున్నా" అన్నారు. దుకాణం మూసి వచ్చారు. పదకొండుసార్లు నీళ్లు మార్చాం. పన్నెండోసారికి నీళ్లు తేటగా నిలిచాయి. ముప్పై ఏడో గడిలో మాత్రం కొంచెం గులాబీ మిగిలింది. నిన్న ఒకమ్మాయి దాన్ని చూపించి, ఇక్కడ రంగు ఎంత బాగా అద్దారో అంది. నేను ఏమీ అనలేదు. మీరు పక్కకి తిరిగి నవ్వుకోవడం చూశాను.

డాక్టరుగారికి. యాభైయో గడి దాటాక జరిగింది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీకే చెప్పాను. కుట్టడం అయ్యాక ముడులు లెక్కపెట్టేదాన్ని. పుస్తకంతో సరిచూసేదాన్ని. మళ్లీ లెక్కపెట్టేదాన్ని. ఒక రాత్రి పుస్తకంలో పదిహేడు, గుడ్డ మీద పదహారు. గడి మొత్తం విప్పేసి తెల్లవారుజామున నాలుగింటి దాకా మళ్లీ కుట్టాను. కుట్టు నాకు మందు అని ఊళ్లో అందరికీ చెప్పుకుంటున్న రోజులవి. మీరు గుడ్డని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడు ఈ గుడ్డనే తాళంలాగా లాగి చూస్తున్నారు" అన్నారు. చాలా కష్టంగా అనిపించింది, దాచడం దేనికి. తర్వాత మీరు చెప్పిన పని ఇంకా కష్టం. లెక్క కావాలని తప్పనివ్వాలి, తప్పని తెలిసి కూడా సరిచూడకుండా ఉండాలి, లోపలి ఆరాటం దానంతటదే దిగేదాకా ఆగాలి. మీ దగ్గర తాళంతో మెట్టు మెట్టుగా చేస్తున్న సాధనే ఇదీనూ. కుట్టుని మీ వైద్యానికి బదులుగా పెట్టనివ్వకుండా, అలాగని మాన్పించకుండా, మధ్యలో పట్టుకున్నారు మీరు. అచ్చం బొటనవేలితో దారం పట్టినట్టు.

ఆ తప్పు చేసింది కూడా అక్కే. గుడ్డ ఒక రోజు వాళ్లింటికి తీసుకెళ్లి తెచ్చింది. "ఒక ముడి ఎక్కువ వేశాను. ఏ గడో, ఏ రంగో చెప్పను" అంది. రెండు రాత్రులు నరకం చూశాను. మూడో రాత్రి అరవై రెండో గడి మొదలుపెట్టాను. ఆ ముడి ఎక్కడుందో ఇవాళ్టికీ నాకు తెలియదు.

ఒరేయ్ తమ్ముడూ, నీకు. గోడకి వేలాడదీసే కర్ర తెచ్చినందుకు కాదు. ఆ కర్ర వంకర, గుడ్డ వెనక గొట్టంలా కుట్టిన పట్టీలోకి దూర్చడానికి నా గోళ్లు విరిగాయి. ఆరేళ్లుగా రోజూ నేను "తాళం వేశానంటావా?" అని ఫోన్ చేస్తే "వేశావక్కా" అనేవాడివి. ఒక్కసారి విసుక్కోలేదు. అది మానేయమని డాక్టరుగారు చెప్తే నీకు నాకంటే ఎక్కువ బాధేసింది. అయినా మానేశావు. నేను ఏడ్చినా, తిట్టినా, "ఏమో అక్కా, నాకేం తెలుసు" అని మాత్రమే అన్నావు. ఆ మాట అనడానికి నీకెంత కష్టమైందో మరదలు చెప్పింది. అంతకుముందు ఆరేళ్లు చెప్పిన "వేశావక్కా" కన్నా ఈ "ఏమో"కి నేను ఎక్కువ రుణపడ్డాను.

ముడులు తగ్గాయా అని అడిగినవాళ్లకి జవాబు గుడ్డ మీదే ఉంది. వందో గడిలో పన్నెండున్నాయి. కానీ ఎనభై ఎనిమిదో గడి చూశారా, గుడ్డ కనబడనంత ఒత్తుగా ఉంటుంది. ఆ రోజు ఒంటరిగా ప్రయాణం. దాన్ని మూల మడతలోకి నెట్టేద్దామనుకున్నాను, బాబాయిగారు ఒప్పుకోలేదు.

మొన్న ప్రదర్శనలో ఒక పెద్దాయన కళ్లజోడు సర్దుకుంటూ "మొత్తం ఎన్ని ముడులమ్మా?" అని అడిగారు. నోట్లోకి అంకె వచ్చేసింది. పుస్తకం ప్రకారం నాకు తెలుసు. అక్క కొంచెం దూరంలో నిలబడి వింటోంది.

"సుమారు రెండు వేలండీ" అన్నాను.

ఆయన తలూపి పక్క గుడ్డ దగ్గరికి వెళ్లిపోయారు.

అక్కా, నీ చిన్న కత్తెర ఇంకా నా దగ్గరే ఉండిపోయింది. బుధవారం క్లాసుకి తెస్తాను. కాస్త ఆలస్యమవుతుందేమో, నాకో కుర్చీ ఉంచు.