క్రిస్మస్ కార్డుల కోసం కొన్న కటింగ్ మెషీన్‌లో లోపం: ఫిర్యాదు లేఖ

విజయనగరం
30 డిసెంబర్ 2024

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: నవంబర్ 21న నాకు అందిన ఎలక్ట్రానిక్ కటింగ్ మెషీన్ సరిగ్గా కోయకపోవడం, నా ఫిర్యాదును మెషీన్ చూడకుండానే మూసేయడం గురించి.

అయ్యా/అమ్మా,

నేను విజయనగరంలో ఉంటాను. ఇంట్లోనే చేత్తో గ్రీటింగ్ కార్డులు చేసి అమ్ముతాను. యాప్‌లో ఇచ్చిన బొమ్మ ప్రకారం కాగితాన్ని బ్లేడుతో కోసే ఈ మెషీన్‌ను మీ కంపెనీ వెబ్‌సైట్‌లో 24,990 రూపాయలు కట్టి కొన్నాను. పెట్టె విప్పిన మొదటి వారంలోనే లోపం కనిపించింది. నవంబర్ 26న ఫోటోలు, వీడియోలతో ఫిర్యాదు పెట్టాను. డిసెంబర్ 9న మీవాళ్లు "వాడకంలో పొరపాటు" అని రాసి దాన్ని మూసేశారు. పొరపాటు నా వాడకంలో లేదు, మెషీన్‌లోనే ఉంది. ఆ మాట ఊరికే అనడం లేదు, కొలిచి చూసి చెబుతున్నాను.

ముందు ఈ మెషీన్ ఎందుకు కొన్నానో చెప్పాలి. మా దగ్గర షాపుల్లో దొరికే క్రిస్మస్ కార్డుల మీద అక్షరాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. మా చర్చిలో పెద్దవాళ్లు చాలామందికి తెలుగు చదవడమే వచ్చు. నాలుగేళ్లుగా నేను వాళ్ల కోసం తెలుగు కార్డులు చేస్తున్నాను. ముందు పొరలో "క్రిస్మస్ శుభాకాంక్షలు" అన్న అక్షరాలను కోసి తీసేస్తాను. వెనక పొర బంగారు రంగు కాగితం. అక్షరాల ఖాళీల్లోంచి ఆ రంగు మెరుస్తుంది. చూపు సరిగ్గా ఆనని ముసలివాళ్లు కార్డు మీద వేలు పెట్టి తడిమి, "ఇది శు, ఇది భా" అని చదువుకుంటారు. లోపల పశువుల తొట్టె, పైన నక్షత్రం, అటూ ఇటూ ఈత చెట్లు వస్తాయి. కత్తెర, పేపర్ కట్టర్‌తో ఒక్క కార్డుకు నలభై నిమిషాలు పట్టేది. ఈ ఏడాది చర్చి స్త్రీల సమాజం వాళ్లు సెమీ క్రిస్మస్‌కి 140 కార్డులు కావాలని అడిగారు. ఒక్కొక్కటి 60 రూపాయలు. అన్ని కార్డులు చేత్తో కోయలేనని, దాచుకున్న డబ్బు తీసి మెషీన్ కొన్నాను.

తెలుగు అక్షరాన్ని కోయడం ఎంత కష్టమో మీ ఇంజినీర్లకు తెలియాలి. మన అక్షరాల్లో చుట్లు ఎక్కువ. చుట్టు పూర్తిగా కోస్తే లోపలి కాగితం రాలిపోతుంది. అందుకని ప్రతి చుట్టులో ఒకటిన్నర మిల్లీమీటర్ల సన్నటి వంతెన వదలాలి. పైగా మీ యాప్‌లో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పక్కకు పడుతున్నాయి. దానికి నేను దారి వెతుక్కున్నాను. అక్షరాలు పెద్దగా కాగితం మీద రాసి, స్కాన్ చేసి, గీతలుగా మార్చి, మెషీన్ చదవగలిగే ఎస్‌వీజీ ఫైలు చేసుకున్నాను. ఒక్క వాక్యానికి మూడు రాత్రులు పట్టింది. ఇది నా ఫిర్యాదు కాదు, కానీ యాప్‌లో ఆ ఒత్తుల సంగతి కూడా సరిచేస్తే చాలామందికి మేలు.

నా ఫిర్యాదు ఏమిటంటే, మొదటి కార్డు బాగానే వస్తుంది. రెండో కార్డులో కోత కొంచెం పక్కకు జరుగుతుంది. నాలుగో కార్డుకు వచ్చేసరికి రెండు, మూడు మిల్లీమీటర్ల తేడా. నక్షత్రమో చెట్టో అయితే ఆ తేడా కొంత కప్పిపుచ్చవచ్చు. అక్షరానికి కుదరదు. "శుభాకాంక్షలు"లో భాకు కింద చిన్న ఒత్తు గీత ఉంటుంది. కోత జరిగినప్పుడు ఆ గీత పక్క చుట్టులో కలిసిపోయి ఊడిపోతోంది. మిగిలేది బా. పండగ పూట ఎవరి చేతిలోనైనా "శుబాకాంక్షలు" అన్న కార్డు ఎలా పెడతాను?

మీ కస్టమర్ కేర్ వాళ్లు నవంబర్ 29న బ్లేడు అరిగి ఉంటుందన్నారు. అప్పటికి ఆ బ్లేడు ఇరవై షీట్లు కూడా కోయలేదు. అయినా 1,290 రూపాయలు పెట్టి కొత్త బ్లేడు తెప్పించాను. తేడా పోలేదు. డిసెంబర్ 3న మ్యాట్ (కోసేటప్పుడు కాగితం కదలకుండా అతికించే పలక) జిగురు తగ్గి ఉంటుందన్నారు. 1,100 రూపాయలకు కొత్త మ్యాట్ కొన్నాను. అప్పుడూ అంతే. తర్వాత "మీది సముద్రానికి దగ్గర ఊరు కదా మేడమ్, కార్డు షీట్ చెమ్మ పట్టి ఉంటుంది" అన్నారు. చెమ్మ పడితే కార్డు షీట్ ఉబ్బుతుందని, బ్లేడు కింద అంచులు పీచులు లేస్తాయని ఈ పనిలో ఉన్న నాకు తెలుసు. అందుకే నా షీట్లు సిలికా పొట్లాలు వేసిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంటాయి. నేను వాడింది 220 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 220 గ్రాములు తూగే షీట్. 300 జీఎస్ఎం వరకు కోస్తుందని మీ పెట్టె మీదే రాసి ఉంది. పైగా నా కోతల్లో అంచులు శుభ్రంగా ఉన్నాయి. కోత పదునుగానే ఉంది, పడాల్సిన చోట పడటం లేదు.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. బ్లేడు తీసేసి, అదే చోట మీరిచ్చిన పెన్ను పెట్టాను. పెన్నుకు కోసే పని లేదు. కాగితం మందంతోనూ, బ్లేడు పదునుతోనూ దానికి సంబంధం లేదు. ఇంట్లో ఉన్న మామూలు తెల్ల కాగితం మ్యాట్ మీద అతికించి, 10 సెంటీమీటర్ల చతురస్రం ఒక్కటి గీయమన్నాను. గీత బయల్దేరిన చోటికి తిరిగి రాలేదు. స్కేలుతో కొలిచాను. అడ్డంగా వచ్చిన గీతలు సరిగ్గా 100 మిల్లీమీటర్లు. నిలువు గీతల్లో ఎడమది 100, కుడిది 98. కాగితం మార్చి, యాప్‌లో చెప్పినట్టు మూడుసార్లు కాలిబ్రేషన్ (మెషీన్ కొలతలు సరిచూసి సర్దడం) చేసి, మళ్లీ గీయించాను. మొత్తం పన్నెండు చతురస్రాలు గీయించాను, పన్నెండింటిలోనూ కుడి వైపే తగ్గింది.

ఈ మెషీన్‌లో బ్లేడు అడ్డంగా మాత్రమే కదులుతుంది. నిలువు గీతకు రోలర్లు మ్యాట్‌ను ముందుకూ వెనక్కూ జరపాలి. అడ్డం కొలత సరిపోయి నిలువు కొలత తప్పుతోందంటే లోపం రోలర్ల దగ్గర ఉన్నట్టే. మ్యాట్ తిప్పి చూశాను. ఎడమ అంచున రోలర్ పట్టిన గుర్తులు వరసగా, గట్టిగా ఉన్నాయి. కుడి అంచున చాలా లేతగా, అక్కడక్కడా ఉన్నాయి. కుడి రోలర్ మ్యాట్‌ను గట్టిగా పట్టుకోవడం లేదు. రోలర్లు రెండూ మెత్తటి గుడ్డతో తుడిచి చూశాను, మార్పు లేదు. ఆ కాగితాలూ, మ్యాట్ ఫోటోలూ, వీడియో డిసెంబర్ 7న మీకు పంపాను. రెండు రోజులకు ఫిర్యాదు మూసేశారు. ఆ వీడియో ఒక్కరైనా చూసి ఉంటే "వాడకంలో పొరపాటు" అని రాసేవారు కాదు.

డిసెంబర్ 12న మళ్లీ ఫోన్ చేశాను. నా కొరియర్ ఖర్చుతో బెంగళూరు సర్వీస్ సెంటర్‌కు పంపాలని, మూడు వారాలు పడుతుందని చెప్పారు. కార్డులు అమ్ముతారు కాబట్టి ఇది వ్యాపార వాడకమని, వారంటీ కూడా వర్తించకపోవచ్చని అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. మీ ప్రకటనలోనే "ఇంటి నుంచే సంపాదించండి" అని ఉంది. అది చూసే కొన్నాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం కూడా, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునే వస్తువు వ్యాపార ప్రయోజనం కిందికి రాదు. నాకు పనివాళ్లు లేరు, దుకాణం లేదు. డైనింగ్ టేబుల్ మీద నేను చేసే పని ఇది.

సెమీ క్రిస్మస్ డిసెంబర్ 15, ఆదివారం. మీతో ఫోన్‌లోనే రోజులు గడిచిపోయాయి. 12వ తేదీ రాత్రి మా అత్తగారు నా టెన్షన్ చూసి, "ఇంక ఆ మిషను జోలికెల్లకు. కత్తెర పట్టుకురామ్మా, ఎన్నయితే అన్ని కోసేద్దాం" అన్నారు. ఆవిడ, నేను, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కలిసి మూడు రాత్రులు కూర్చున్నాం. పరీక్ష ఉన్న పిల్లను పదకొండింటి దాకా నిద్రపోనివ్వలేదు, అది నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటోంది. 62 కార్డులు చేయగలిగాం. మిగతా 78 కార్డుల ఆర్డరు వదులుకుని, వాటికి తీసుకున్న అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాను. సమాజం పెద్దమ్మగారు ఒక్క మాట అనలేదు. కానీ ఆ ఆదివారం కార్డు అందని ముసలివాళ్ల మొహాలు చూశాను.

వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. నా ఫిర్యాదుకు ఆ నెల డిసెంబర్ 26తో అయిపోయింది. కాబట్టి అడుగుతున్నాను. మెషీన్‌ను మీ ఖర్చుతో మా ఇంటి నుంచి తీసుకువెళ్లండి. లోపం లేని కొత్త మెషీన్ ఇవ్వండి, లేదా 24,990 రూపాయలు తిరిగి ఇవ్వండి. మీవాళ్లు చెప్పడం వల్లే కొన్న బ్లేడు, మ్యాట్ ఖర్చు 2,390 రూపాయలు, పాడైన 90 కార్డు షీట్ల ఖరీదు 1,620 రూపాయలు కూడా ఇవ్వండి. పోయిన ఆర్డరు సంగతి నేను లెక్కలో వేయలేదు. "వాడకంలో పొరపాటు" అన్న మాటను నా ఫిర్యాదు రికార్డులోంచి తీసేయాలి. నాకు డబ్బు ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేస్తాను. తర్వాత ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కొనుగోలుదారు ఉన్న ఊళ్లోనే కేసు వేసుకోవచ్చని చట్టంలో ఉంది, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. అంత దూరం వెళ్లాలని నాకు లేదు. నాకు పనిచేసే మెషీన్ కావాలి. ఏప్రిల్‌లో ఈస్టర్ ఉంది, స్త్రీల సమాజం వాళ్లు మళ్లీ నన్నే అడిగారు.

బిల్లు, కొత్త బ్లేడు, మ్యాట్ రసీదులు, పన్నెండు చతురస్రాల కాగితాల జిరాక్సులు దీనితో జత చేశాను. అసలు కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. మెషీన్‌ను మీరు పంపిన పెట్టెలోనే సర్ది ఉంచాను, ఏ రోజైనా ఉదయం పది తర్వాత వచ్చి తీసుకోవచ్చు. కొత్తది పంపేటట్టయితే, పంపే ముందు దానితో కూడా పెన్ను పెట్టి 10 సెంటీమీటర్ల చతురస్రం ఒకటి గీయించి, ఆ కాగితం పెట్టెలో వేసి పంపండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
విజయనగరం