ఇంటి దగ్గరే ఇంటర్ స్థాయి న్యాయశాస్త్రం: రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

విశాఖపట్నం

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారాలు.

నేను విశాఖపట్నంలో న్యాయవాదిగా ప్రాక్టీసు చేస్తున్నాను. కోర్టు పని లేని సాయంత్రాల్లో, కాలేజీకి వెళ్లే వీలులేక ఓపెన్ ఇంటర్ కట్టి ఇంటి దగ్గరే చదువుకుంటున్న కొందరు పిల్లలకు న్యాయశాస్త్రం చెబుతుంటాను. ఆ పిల్లల తరఫున మీకు చేసుకునే విన్నపం ఒక్కటే. మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం ఇంటర్మీడియట్‌లో న్యాయశాస్త్రాన్ని తెలుగు మాధ్యమంలో, ఆన్‌లైన్ పాఠాలతో, అంతకంటే ముఖ్యంగా విద్యార్థి రాసిన జవాబును చదివి దిద్ది తిరిగి పంపే అధ్యాపకుడితో సహా, పూర్తి స్థాయి పాఠ్యాంశంగా నడిపించండి.

న్యాయశాస్త్రం డిగ్రీలో మొదలుపెట్టవలసిన చదువు కదా, ఇంటర్‌లో దానికేం పని అని అడిగేవారు ఉంటారు. ఐదేళ్ల లా కోర్సులో చేరాలా వద్దా అన్నది మన పిల్లలు పదిహేడు, పద్దెనిమిదేళ్లకే తేల్చుకోవలసి వస్తోంది. ఆ కోర్సుకు మన రాష్ట్రం నిర్వహించే ప్రవేశ పరీక్ష లాసెట్‌లో 120 ప్రశ్నలుంటే, అందులో 60 ప్రశ్నలు న్యాయశాస్త్ర అధ్యయనానికి అభ్యర్థికి ఉన్న ఆసక్తిని, అవగాహనను పరీక్షించేవే. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ చదివి వచ్చిన విద్యార్థి ఆ సగం పేపరుకు బజారులో దొరికే గైడు మీదనో, కోచింగ్ సెంటర్ మీదనో ఆధారపడక తప్పడం లేదు. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం మన ఊరి పక్కనే ఉన్నా, అందులో సీటు రావాలంటే జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష అయిన క్లాట్ రాయాలి. క్లాట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. పేరాలకు పేరాలు చదివి, ఇచ్చిన సూత్రాన్ని ఇచ్చిన సంఘటనకు అన్వయించాలి. పేదరికంలో పుట్టి ముఖ్యమంత్రి పదవి వరకు ఎదిగిన సంజీవయ్య గారి పేరు పెట్టుకున్న ఆ విశ్వవిద్యాలయం గేటు దాటడానికి పెందుర్తి, గాజువాక పేద పిల్లలకు దారి ఏమిటన్నది విద్యాశాఖ ఆలోచించవలసిన విషయమని నా అభిప్రాయం.

పెద్ద జాలారిపేటలో ఉండే ఒక అమ్మాయి సంగతి చెబుతాను. తండ్రి మరబోటు మీద వేటకు వెళతాడు, తల్లి చేపలమ్ముతుంది. పదో తరగతి మంచి మార్కులతో పాసైనా, ఇంట్లో మంచాన పడిన నాయనమ్మను చూసుకునే మనిషి లేక కాలేజీలో చేరలేదు. ఓపెన్ ఇంటర్ కట్టి, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ వారి సీనియర్ సెకండరీ కోర్సులో ఉన్న న్యాయశాస్త్ర పరిచయం సబ్జెక్టును ఎంచుకుంది. ఇంటర్ స్థాయిలో ఇలాంటి పాఠ్యాంశాన్ని ఇంటి దగ్గర చదువుకునే పిల్లలకు అందించినందుకు ఆ సంస్థను మెచ్చుకోవాలి. అయితే ఈ అమ్మాయి దాన్ని చదువుతున్నది ఇంగ్లీషులో, అది కూడా తండ్రి వేట నుంచి వచ్చాకే చేతికందే ఒక్క ఫోన్‌లో. రాత్రి అందరూ పడుకున్నాక పుస్తకం పీడీఎఫ్ తెరిచి, ఒక పేరా చదివి, అర్థమైనంత మేర తెలుగులో నోటుబుక్కులో రాసుకుంటుంది. ఆ నోటుబుక్కు ఎడమ పేజీలో పాఠం సారాంశం ఉంటుంది, కుడి పేజీలో సందేహాలు ఉంటాయి. నేను చూసిన రోజున చాలా చోట్ల కుడి పేజీయే ఎక్కువ నిండి ఉంది.

ఆ కుడి పేజీలో ఒక ప్రశ్న ఇది: "ఒప్పందం కాగితం మీద రాసుకోకపోతే ఒప్పందం లేనట్టేనా?" ఆమె మేనమామ అద్దె ఇల్లు ఖాళీ చేసినప్పుడు, గోడలకు రంగులు వేయించాలన్న సాకుతో యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదట. అద్దె కాగితం ఏదీ రాసుకోలేదు కాబట్టి ఇక అడగడానికి లేదని ఇంట్లో అందరూ ఊరుకున్నారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందం కూడా సాధారణంగా చెల్లుతుందని, రాతపూర్వకంగానే ఉండాలని చట్టం ప్రత్యేకంగా చెప్పిన సందర్భాలు వేరని, అసలు చిక్కంతా ఆ ఒప్పందాన్ని రుజువు చేయడంలో వస్తుందని నేను వివరించాను. వెంటనే ఇంకో ప్రశ్న వేసింది: "అయితే మేడమ్, ఫోన్‌పేలో అడ్వాన్సు పంపినట్టు ఉంది కదా, అది రుజువు కాదా?" మంత్రి గారూ, న్యాయశాస్త్రం చదవడమంటే సరిగ్గా ఇదే. ఈ రెండో ప్రశ్న వీడియో పాఠంలో పుట్టదు. పుట్టినా వీడియో దానికి జవాబు చెప్పదు.

అందుకే ఆన్‌లైన్ అనగానే వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టేస్తే సరిపోతుందనే ఆలోచనను ఈ పాఠ్యాంశం విషయంలో పక్కన పెట్టాలని కోరుతున్నాను. ఒక సంఘటన ఇస్తే, అందులో తేల్చవలసిన వివాదాంశం ఏమిటో పట్టుకుని, దానికి వర్తించే సూత్రాన్ని చెప్పి, రెండు వైపుల వాదనలనూ తూచి, ఒక అభిప్రాయానికి రావడం రాతలో సాధన చేస్తేనే వస్తుంది. విద్యార్థి రాసిన పేజీ మీద ఎవరో ఒకరు ఎర్ర ఇంకుతో గీత గీసి, ఇక్కడ కారణం చెప్పకుండానే తీర్పు చెప్పేశావు అని రాయాలి. దూరవిద్యలో అసైన్‌మెంట్లు ఉన్నవి ఇందుకోసమే. మా విద్యార్థులు ఎంతో శ్రమపడి చేత్తో రాసి, పేజీ పేజీ ఫోటో తీసి, సైజు తగ్గించి అప్‌లోడ్ చేసిన అసైన్‌మెంట్లకు మార్కులైతే వచ్చాయి గానీ, ఆ మార్కులు ఎందుకు వచ్చాయో, తక్కినవి ఎందుకు పోయాయో చెప్పే ఒక్క వాక్యం కూడా రాలేదు. వాళ్లకు కేటాయించిన ఒక స్టడీ సెంటర్‌లో ముఖాముఖి తరగతుల గురించి అడిగితే, ఈ సబ్జెక్టు చెప్పే వాళ్లు మా దగ్గర లేరు, పుస్తకం చదువుకోండి అన్నారు. ఇది ఆ ఒక్క సెంటర్ తప్పని నేను అనను, కానీ ఆ మాట విన్న పిల్లల్లో ఒకరు సబ్జెక్టు మార్చుకున్నారు.

ఇంగ్లండులో మన ఇంటర్‌కు సాటివచ్చే ఎ-లెవెల్ స్థాయిలో న్యాయశాస్త్రం ఒక సబ్జెక్టుగా ఉంది. దాన్ని దూరవిద్యలో ఇంటి దగ్గర చదివి ప్రైవేటు అభ్యర్థిగా పరీక్ష రాసేవారూ ఉన్నారు. మన దగ్గర సీబీఎస్ఈ కూడా పదకొండు, పన్నెండు తరగతుల్లో లీగల్ స్టడీస్‌ను ఐచ్ఛిక పాఠ్యాంశంగా అందిస్తోంది. కనుక నేను ఎవరూ నడవని దారిలో నడవమని అడగడం లేదు.

తెలుగులో పాఠ్యపుస్తకం తయారు చేసేటప్పుడు అది అనువాదంగా మిగిలిపోకుండా చూడాలి. మన జిల్లాల జీవితంలోనే న్యాయశాస్త్రానికి కావలసినన్ని ఉదాహరణలున్నాయి. ఏజెన్సీలోని భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకునే 1/70 చట్టం అంటే ఏమిటో అక్కడ చదువురాని రైతుకు కూడా తెలుసు. ఆ నిబంధన ఆధారంగానే అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలోని గిరిజన భూముల్లో గనుల లీజుల మీద నడిచిన సమతా కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు లీజులివ్వడం చెల్లదని, ప్రభుత్వానికి కూడా ఆ నిషేధం వర్తిస్తుందని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దేశమంతటా లా కాలేజీల్లో చదివే ఆ తీర్పును అరకు కుర్రవాడు తన ఊరి కథగా చదువుకోగలగాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి విషపూరితమైన స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు, జాతీయ హరిత ట్రిబ్యునల్ మర్నాడే తనంతట తానుగా విచారణకు తీసుకుని, ముందుగా 50 కోట్ల రూపాయలు జమ చేయాలని సంస్థను ఆదేశించింది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడు నిర్లక్ష్యం రుజువు కాకపోయినా ఎందుకు బాధ్యుడవుతాడో, 1985లో ఢిల్లీలో ఒలియం వాయువు లీకైన కేసులో సుప్రీంకోర్టు ఆ సూత్రాన్ని ఎలా ముందుకు తీసుకుపోయిందో చెప్పడానికి విశాఖ పిల్లలకు ఇంతకంటే దగ్గరి పాఠం ఉండదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో ఉండే వేట నిషేధం కూడా అలాంటిదే. శాసనసభ చేసిన చట్టానికీ, ఆ చట్టం కింద ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వుకూ తేడా ఏమిటో జాలారిపేట అమ్మాయి ఆ నిషేధం ద్వారా ఎంత తేలికగా గ్రహించిందో నేను కళ్లారా చూశాను.

పుస్తకం తాజాగా ఉండడం ఇంకో అవసరం. 2024 జూలై 1 నుంచి భారత శిక్షా స్మృతి, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాయి. ఆ తేదీకి ముందు అచ్చయిన పుస్తకాన్ని పట్టుకుని ఇంటి దగ్గర ఒంటరిగా చదువుకునే విద్యార్థికి సెక్షన్ల సంఖ్యలు మారాయని చెప్పే మనిషి ఉండడు. ఏడాదికొకసారి సవరణల పత్రం తెలుగులో విడుదల చేస్తే చాలు.

మంత్రి గారూ, ఖర్చు లేకుండా వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. ఓపెన్ ఇంటర్‌తో లా కోర్సులో చేరనివ్వరన్న అపోహ మన ఊళ్లలో బలంగా ఉంది. నా దగ్గరికి వచ్చే ఒక అబ్బాయి తండ్రికి ఒక ప్రైవేటు కాలేజీ అడ్మిషన్ కౌంటర్‌లో సరిగ్గా ఇదే మాట చెప్పి, అక్కడే మళ్లీ రెగ్యులర్ ఇంటర్‌లో చేర్పించమని సలహా ఇచ్చారు. కూలి చేసి బతికే ఆయన అప్పు చేయడానికి కూడా సిద్ధపడ్డారు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయవిద్య నియమావళి చెప్పేది వేరు. కింది తరగతి అర్హత లేకుండా ఓపెన్ విధానంలో నేరుగా ఇంటరో డిగ్రీయో పొందినవారు అనర్హులు. పదో తరగతి పాసై, ఆ తర్వాత దూరవిద్యలో ఇంటర్ పూర్తి చేసినవారు అర్హులే. ఈ రెండింటినీ కలగలిపి చెప్పడం వల్ల ఎన్ని కుటుంబాలు వెనక్కి తగ్గాయో తలచుకుంటే బాధ కలుగుతుంది. ఈ నిబంధనను, దానితోపాటు కావలసిన కనీస మార్కుల శాతాన్ని, తేలిక తెలుగులో ఒక పేజీ ఉత్తర్వుగా ఇచ్చి ప్రతి స్టడీ సెంటర్ గోడ మీద, ప్రతి లా కాలేజీ అడ్మిషన్ కౌంటర్ దగ్గర అతికించేలా చూడండి.

దీనికి తోడు, ఇంట్లో కూర్చునే ఎల్.ఎల్.బి. చేయవచ్చని చెప్పి డబ్బు గుంజే ప్రకటనలు కూడా తిరుగుతున్నాయి. న్యాయవాదిగా నమోదు కావాలంటే లా డిగ్రీని రెగ్యులర్‌గా, తరగతులకు హాజరై చదవవలసిందే. అది సరైన నియమమే, దాన్ని సడలించమని నేను కోరను. నేను అడుగుతున్నది ఆ డిగ్రీకి ముందు మెట్టు గురించి మాత్రమే. లా చదవకుండా ఇతర దారుల్లోకి వెళ్లే పిల్లలకు కూడా, ఫిర్యాదు చేసినవారికి ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని, 15100కు ఫోన్ చేస్తే ఉచిత న్యాయ సహాయం గురించి తెలుస్తుందని, రాజ్యాంగంలోని 39ఎ అధికరణం ఆ సహాయాన్ని రాజ్యం బాధ్యతగా చెప్పిందని తెలియడం వృథా కాదు.

ఇక చెప్పేవారు ఎవరన్నది. విశాఖలో ఆ కొరత లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ న్యాయ కళాశాల ఉంది, సబ్బవరంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, ప్రైవేటు లా కాలేజీలు ఉన్నాయి. ప్రతి లా కాలేజీ ఒక న్యాయ సహాయ కేంద్రాన్ని నడపాలని బార్ కౌన్సిల్ నియమావళే చెబుతోంది. ఆ కేంద్రాల్లోని పై సంవత్సరాల విద్యార్థులు, ఒక అధ్యాపకుడి పర్యవేక్షణలో, ఓపెన్ ఇంటర్ పిల్లల జవాబులను దిద్దవచ్చు. దిద్దేవారికి అది చదువులో భాగంగా క్రెడిట్ ఇవ్వవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ న్యాయవాదుల్లో నెలకు ఒక ఆదివారం ఇవ్వగలవారు తప్పకుండా ఉంటారు. ముఖాముఖి తరగతులకు ద్వారకానగర్ పౌర గ్రంథాలయం వంటి చోట ఒక గది చాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1970ల నుంచే దూరవిద్య నడుపుతోంది కాబట్టి పాఠాలు తయారు చేసే అనుభవం కూడా ఈ ఊళ్లోనే ఉంది.

ఏజెన్సీ విషయం మాత్రం వేరుగా చూడాలి. పాడేరు దాటాక చాలా గ్రామాల్లో సిగ్నల్ కోసం గుట్టెక్కే పరిస్థితి ఇంకా ఉంది. అక్కడ ఆన్‌లైన్ అన్న మాటతో సరిపెడితే అక్కడి పిల్లలను వదిలేసినట్టే అవుతుంది. పాఠాలను మెమరీ కార్డులో వేసి ఇవ్వడం, టీవీ విద్యా చానెళ్లలో తెలుగు పాఠాలకు సమయం కేటాయించడం, మండల కేంద్రంలోని గిరిజన సంక్షేమ పాఠశాలలో అసైన్‌మెంట్లు చేతికే తీసుకోవడం వంటి ఏర్పాట్లు మొదటి ఏడాదే చేయాలి.

ఈ పాఠ్యాంశాన్ని రాష్ట్రమంతటా ఒకేసారి మొదలుపెట్టడం కష్టమనుకుంటే, విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టండి. వచ్చే ఓపెన్ ఇంటర్ అడ్మిషన్ల ప్రకటన వెలువడేలోగా నిర్ణయం జరిగితే, ఇప్పుడు పది పాసై ఇంటి దగ్గర ఉన్న పిల్లలకు ఒక ఏడాది కలిసి వస్తుంది. తెలుగు పాఠ్యపుస్తకం ముసాయిదా చూడడానికి, జవాబుపత్రాలు దిద్దడానికి, ఆదివారం తరగతులు తీసుకోవడానికి నేనూ, నాతో పనిచేస్తున్న జూనియర్ న్యాయవాదులూ ఎటువంటి పారితోషికం లేకుండా సిద్ధంగా ఉన్నాము. మీ కార్యాలయం నుంచి పిలుపు వస్తే, ఆ నోటుబుక్కులోని ప్రశ్నలతో సహా వివరమైన ప్రతిపాదనను మీ ముందు ఉంచుతాము.

గౌరవంతో,
ఒక న్యాయవాది,
విశాఖపట్నం