గ్రానైట్ అన్నకు, ఫిజిక్స్ సార్‌కు, మా వాడకట్టుకు కృతజ్ఞతలు

నల్లగొండలో మా ఇంటి వెనక గదిలో అరగదీస్తున్న టెలిస్కోపు అద్దం పూర్తయింది. అల్యూమినియం పూత కూడా వేయించుకొచ్చాం. అద్దం వెడల్పు 10 అంగుళాలు, మందం 19 మిల్లీమీటర్లే. పాత లెక్కలో వ్యాసంలో ఆరో వంతు, అంటే 42 మిల్లీమీటర్ల మందం ఉండాలి. అంత మందపు గాజు మనలాంటోళ్లకు దొరకడం కష్టం.

పలుచటి గాజుతో చిక్కేమిటంటే, అది వంగుతుంది. కింద ఎత్తుపల్లాలుంటే చేతి బరువుకు ఆ వంపులోకే ఒదిగి అరుగుతుంది. పైకి తీయగానే మళ్లీ తన రూపానికొస్తుంది, ఇక టెలిస్కోపులో నక్షత్రం గీతలా సాగి కనిపిస్తుంది.

అందుకే మొదటి దండం గ్రానైట్ పాలిష్ చేసే అన్నకు. "సాపు రాయి కావాలన్నా" అంటే "ఎంత సాపు?" అని అడిగిండు. సంగతి విన్నాక ఒకటి కాదు, మూడు గుండ్రటి రాళ్లు కోసిండు. రెండే రాళ్లను ఒకదానిమీదొకటి రుద్దితే పైది గుంటపడుతుంది, కిందిది ఉబ్బుతుంది. అద్దానికి కావాల్సిన 3.2 మిల్లీమీటర్ల గుంట వచ్చిందీ అట్లనే. మూడింటినీ జతలు మార్చి రుద్దితే ఆ గుంటా నిలవదు, ఉబ్బూ నిలవదు. ఉక్కు స్కేలు నిలబెట్టి, వెనక ఫోను లైటు పెట్టి, సందులోంచి వెలుతురు రాకుండా అయ్యేదాకా రుద్దిండు. పైసలిస్తే తీసుకోలేదు. ఆ రాయి మీద పలుచటి బట్ట పరిచి, గాజును మాటిమాటికీ తిప్పి పెడుతూ సీరియం ఆక్సైడ్ అనే మెరుగు పొడితో పాలిష్ ముగించాను.

రిటైరైన మా ఫిజిక్స్ సార్, జాపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టిన 48 అంగుళాల టెలిస్కోపును చదువుకునే రోజుల్లోనే చూసిన మనిషి. ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫూకో 1858లో చెప్పిన బ్లేడు పరీక్ష దగ్గరుండి నేర్పారు. అద్దం నుంచి తిరిగొచ్చే వెలుగును బ్లేడు అంచుతో కోస్తే, మిల్లీమీటరులో పదివేలవ వంతు తేడా కూడా నీడగా బయటపడుతుంది. సార్, మీ ఓపికకు ఏమిచ్చినా తక్కువే.

ఆ పరీక్షకు రెండున్నర మీటర్ల దూరం కావాలి, గాలి కదలొద్దు. పక్కింటి అవ్వ తన హాలు ఇచ్చింది. మే నెల ఎండలో ఫ్యానూ కూలరూ బందు చేసి, గాజు చల్లారేదాకా మాతోపాటు ఉక్కపోతలో కూర్చుంది. అవ్వా, నీకు వేల దండాలు.

మూడు రాళ్లూ మా ఇంట్లోనే ఉన్నాయి. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు ఎవరైనా పలుచటి అద్దం మొదలుపెడితే వచ్చి తీసుకుపోండి. అన్న కూడా అదే చెప్పమన్నడు.